సుమియే దగ్గరున్న భయం

కృతిక మాట్లాడడం మానేశాక ఇందుమతి కూతుర్ని మొదట పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. తరువాత అత్తగారి మాట కాదనలేక తాయెత్తు కట్టించింది. చివరికి తాను పనిచేసే ప్రయోగశాలకే తీసుకువచ్చింది. అక్కడి కుర్చీని తయారుచేసినవాళ్ళలో ఆమె కూడా ఒకతె. దాంట్లో తన బిడ్డనే కూర్చోబెట్టవలసిన రోజు వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

ఆ వేసవిలో విశాఖపట్నమంతా ఒకటే మాట. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఊళ్ళోకి దిగారని. టీవీలో ఒక చిన్న వీడియో పొద్దస్తమానం తిరిగేది. ముసుగు మనిషి ఒకడు పిల్లవాణ్ణి బండి మీదకి లాక్కుని వెళ్ళిపోతాడు. దాని చుట్టూ ఎర్ర అక్షరాలు, వెనక డప్పుల మోత, 'ఈ క్షణంలో మీ పిల్లలెక్కడున్నారు?' అని అడిగే గొంతు. అది ఏ దేశంలో తీశారో, ఎప్పుడు తీశారో చూపిస్తున్నవాళ్ళకే తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు. రేవుకు దగ్గర్లో ఇందుమతి వాళ్ళుండే వీధిలో పిల్లల ఆటలు ఆగిపోయాయి. అన్నం తింటూ కూడా అందరూ ఆ వీడియోనే చూసేవారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, వీధిలోకి దుప్పట్లు అమ్ముకుంటూ వచ్చిన మనిషిని జనం పట్టుకుని కొట్టారు. పోలీసులు వచ్చి అతన్ని జీపులో వేసుకుపోయారు. ఇందుమతి, పోర్టులో పనిచేసే భర్త పైడిరాజు ఇంటికి చేరేసరికి పదేళ్ళ కృతిక మేడమెట్ల కింద ముడుచుకుని కూర్చుని ఉంది. అప్పట్నుంచి గుమ్మం దాటలేదు. అడిగినదానికి తల ఊపడమే తప్ప మాట లేదు. దొంగ అంత దగ్గరికి వచ్చేసరికి పిల్ల జడుసుకుందని వీధివాళ్ళు అన్నారు. డాక్టరూ అదే అన్నాడు. ఇందుమతి కూడా అదే నమ్మింది.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఫిలోమినా పిల్ల పక్కన బల్ల మీద కూర్చుంది.

"చూడమ్మా, ఈ కుర్చీ నీ భయాన్ని తీసి ఇంకొకరికి ఇస్తుంది. నీకేం జరిగిందో వాళ్ళకి తెలీదు. నీ గుండె ఎలా కొట్టుకుంటుందో, కడుపులో ఎలా మెలిపెడుతుందో, అది మాత్రం వాళ్ళకి వెళ్తుంది. నీకిష్టమైతేనే."

కృతిక తల్లి వైపు చూసి తల ఊపింది.

ఆ ప్రయోగశాల వాళ్ళు కనిపెట్టినది చెప్పుకుంటే చిన్న సంగతే. భయం కూడా మొక్కలాగే నేలను బట్టి ఉంటుంది. ఒక దేశంలో మానై పెరిగినది ఇంకో దేశంలో నాటితే నీరందక ఎండిపోతుంది. నీళ్ళు పోసేది చుట్టూ ఉన్న మనుషుల మాటలు, పత్రికలు, టీవీలు. బ్రెజిల్‌లో ఒకాయనకు మోటారుసైకిలు మీద ఇద్దరు వస్తుంటే చాలు, దోపిడీగాళ్ళేమోనని ఒళ్ళు చల్లబడిపోయేది. ఆ భయాన్ని ప్రయోగశాల డ్రైవరు పుచ్చుకున్నాడు. నాలుగు రోజులు ఉలిక్కిపడ్డాడు, ఆ తరువాత మరచిపోయాడు. ఈ ఊళ్ళో బండి మీద ముగ్గురుంటారు, ఇద్దరే ఉంటే ఎవరూ తల తిప్పి చూడరు.

ఒకటే షరతు. ఇచ్చినవాళ్ళు ఒకటి పుచ్చుకోవాలి. తమ భయాన్ని పక్కవాళ్ళ పెరట్లో పారబోసి చేతులు దులుపుకునే వీలు ఎవరికీ ఉండకూడదని ఫిలోమినా పట్టుబట్టి పెట్టిన షరతు అది. పిల్లలకి ఇంకొకరి భయం ఎక్కించడం నిషిద్ధం కనుక కృతిక తరఫున ఇందుమతి పుచ్చుకోవాలి.

కృతిక భయం జపాన్‌లో కనజావా అనే ఊరికి వెళ్ళింది. అక్కడ ఒకటో తరగతి పిల్లలు కూడా ఒంటరిగా బడికి నడిచి వెళ్తారు, ఒంటరిగా రైలెక్కుతారు. కొత్త మనిషి అంటే భయానికి అక్కడ నీరు దొరకదు. పుచ్చుకోవడానికి ఒప్పుకున్నావిడ పేరు సుమియే. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు బడి వంటశాలలో పిల్లలకి భోజనాలు వండేది. పెళ్ళి చేసుకోలేదు. మేడ మీద ఒంటిగది వాటాలో ఉంటుంది.

ఆవిడ భయం వేరు. తాను ఆ గదిలో చచ్చిపోయి ఉంటే ఎన్నాళ్ళకి తెలుస్తుందోనని. వాళ్ళ టీవీలో డప్పుల మోత ఉండదు. మెత్తటి సంగీతం వినిపిస్తుంటే కెమెరా ఒక ఖాళీ గదిలోకి వెళ్తుంది. ఈ గదిలో ఉండే మనిషి పోయిన సంగతి నెలల తరువాత గానీ ఎవరికీ తెలియలేదని ఒక గొంతు ఎంతో మర్యాదగా చెబుతుంది. శుభ్రం చేయడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో వంగి నమస్కరిస్తారు. సుమియే అలాంటి కార్యక్రమాలు చూసి చూసి, పక్కవాటా ఆవిడకు వినపడాలని రోజూ పొద్దున్నే కిటికీ తలుపు గట్టిగా చప్పుడు చేసి తెరిచేది. పక్కవాటా ఖాళీ అయిపోయి చాలాకాలమైనా ఆ అలవాటు పోలేదు.

మార్పిడి రోజున తెర మీద సుమియే కనిపించింది. పల్చటి జుట్టు, మడతలు పడిన బుగ్గలు. నెత్తిన తీగల టోపీతోనే కృతికకు వంగి నమస్కారం పెట్టింది. అనువాద యంత్రం ఆవిడ మాటను తెలుగులో పలికింది. "జాగ్రత్తగా చూసుకుంటాను."

పని ముగిసి టోపీ తీయగానే కృతిక అంది, "అమ్మా, ఆకలేస్తోంది."

అన్నాళ్ళ తరువాత విన్న ఆ మాటకి ఇందుమతి ఏడవబోయింది. ఆలోపే తన గుండెల్లోకి ఏదో చల్లగా దిగింది. చుట్టూ ఇంతమంది ఉండగా, ఎవరూ లేని గదిలో తలుపు మూసుకున్నట్టనిపించింది.

కృతిక బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. మాటలు వచ్చాయి, నవ్వు మాత్రం అంతగా రాలేదు. వీధి మొదట్లో అప్పలస్వామి కిరాణా కొట్టు దాటేటప్పుడు తల దించుకుని గబగబా నడిచేది. ఇందుమతి అది గమనించే స్థితిలో లేదు. మూసిన తలుపు కనిపిస్తే ఆమె కాళ్ళు ఆగిపోతున్నాయి. ఎదురు వాటా గుమ్మంలో పాల ప్యాకెట్టు ఎండలో పడి ఉందని తలుపు కొట్టి, స్నానంలో ఉన్నావిణ్ణి బయటికి రప్పించింది.

పైడిరాజు నవ్వాడు. "ఇంట్లో మా అమ్మ, కింద వాటా ఆవిడ, పైన వాటా వాళ్ళు. నువ్వొక పూట కనిపించకపోతే రేవు దాకా ఎతుకుతారు. నీకేటే ఈ బెంగ?"

"నాది కాదుగా. ఎండిపోతుందిలే," అంది ఇందుమతి.

కనజావాలో మాత్రం కృతిక భయం ఎండలేదు.

ఆ కబురు తెచ్చినప్పుడు ఫిలోమినా ముఖం పాలిపోయి ఉంది. సుమియే ఊళ్ళో అందరూ కలిసి స్నానం చేసే వేడినీళ్ళ స్నానశాలకు ఏళ్ళ తరబడి వెళ్తోంది. ఇప్పుడు మానేసింది. కూరగాయల కొట్టుకీ వెళ్ళడం లేదు. అన్నం సయించక చిక్కిపోయింది. అక్కడి ప్రయోగశాల వాళ్ళు భయాన్ని తీసి వెనక్కి పంపేద్దామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఎందుకట?"

"వెనక్కి పంపితే అది ఆ పిల్ల దగ్గరికేగా వెళ్ళేది అందట. నీతో మాట్లాడాలంటోంది."

తెర మీద సుమియేను చూసి ఇందుమతి కుర్చీలో ముందుకు జరిగింది. ముఖం సగమైపోయింది. కానీ ఆవిడ తన గురించి ఏమీ చెప్పుకోలేదు. ఇలా అంది:

"ఇందుమతి గారూ, మీ అమ్మాయి భయం మీరు చెప్పినది కాదనుకుంటాను. బస్సులో ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన కూర్చున్నా నాకేం అనిపించదు. తెలిసినవాళ్ళే. రోజూ నమస్కారం పెట్టే కూరగాయల కొట్టాయన, స్నానశాలలో నా వీపు రుద్దే ఆడవాళ్ళు. వాళ్ళు నలుగురు ఒకచోట నిలబడితే నా మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు వచ్చిన ప్రతిసారీ నా కుడిచెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది. చల్లటి ఇనప గ్లాసేదో పట్టుకున్నట్టు. ఆ చేతిలో ఏముందో మీ అమ్మాయిని అడగండి. నేను మోస్తున్నది ఏమిటో తెలిస్తే ఇంకా బాగా మోయగలను."

ఇందుమతి ఆ సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తూ కూతుర్ని అడిగింది. కృతిక బట్టలు మడతపెడుతూ, కథ చెప్పినట్టు తొణక్కుండా చెప్పింది. భయం తన దగ్గర లేదు కనుక చెప్పగలిగింది.

"ఆయన దొంగ కాదమ్మా. ఎండలో వచ్చి నన్ను సైగ చేసి మంచినీళ్ళడిగాడు. స్టీలు గ్లాసుతో తెచ్చిచ్చాను. తాగి గ్లాసు నా చేతికిస్తుంటే అప్పలస్వామి బాబాయ్ చూసి, పిల్లకేదో పెడుతున్నాడని అరిచాడు. అందరూ వచ్చేశారు. మనవాళ్ళేనమ్మా అందరూ. కింద వాటా ఆంటీ కూడా. నీళ్ళే అడిగాడని చెప్పాను. ఎవ్వరూ వినలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వూ వాళ్ళతో పాటు ఆ వీడియోనే చూస్తున్నావు కదా."

ఇందుమతి చేతిలోని చీర అలాగే ఉండిపోయింది. కొంతసేపటికి కృతిక అడిగింది, "నేను నీళ్ళివ్వకపోతే ఆయన్ని కొట్టేవారు కాదు కదూ? ఇప్పుడు బతికే ఉన్నాడా?"

ఇందుమతికి తెలియదు. వీధిలో ఎవరికీ తెలియదు. ఆ రోజు టీవీలో 'దొంగ దొరికాడు' అని చూపించారు. మర్నాడు ఇంకో ఊళ్ళో ఇంకో దొంగ. ఇలాంటివి విని అయ్యో అనుకుని పనిలో పడిపోయే మనిషే ఇందుమతి. కానీ ఇప్పుడు ఆమె గుండెల్లో ఉన్నది సుమియే భయం. ఎక్కడో ఒక మనిషి, పేరు తెలిసినవాళ్ళు లేకుండా, తలుపు తట్టేవాళ్ళు లేకుండా పడి ఉన్నాడన్న ఊహ ఆమెకు ఊపిరి ఆడనివ్వలేదు. పొద్దున్నే సెలవు పెట్టి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. అక్కడ ఆస్పత్రి పేరు చెప్పారు. ఆస్పత్రిలో ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి పంపారు. చివరికి ఎముకల వార్డులో, వరండా పక్కన మంచం దగ్గర ఒక సిస్టర్ ఆగింది.

మంచానికి వేలాడే అట్ట మీద పేరు రాయవలసిన చోట 'తెలియదు' అని ఉంది. కాలికి కట్టు. దవడ విరిగితే తీగలతో బిగించారు. మాట రాదు.

"తెలుగులో అడిగాం, హిందీలో అడిగాం. అలా చూస్తాడంతే. ఎవరూ రాలేదండి ఇతని కోసం," అంది సిస్టర్.

ఇందుమతి ఫోన్‌లోని అనువాద యంత్రాన్ని అతని చెవి దగ్గర పెట్టి, 'మీ ఇల్లెక్కడ' అన్న ఒక్క మాటనే ఒక్కో భాషలో పలికించింది. బెంగాలీకి కళ్ళు తిప్పాడు. ఒడియా వినపడగానే తల పూర్తిగా ఇటు తిప్పి చెయ్యి చాపాడు. ఫోన్ అందిస్తే ఒక నంబరు నొక్కాడు. అవతల ఆడగొంతు పలికింది. అతను మాట్లాడలేడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఇందుమతే ఫోన్ తీసుకుని, "ఉన్నాడమ్మా, మీ ఆయన ఉన్నాడు. నేను పక్కనే ఉన్నాను," అని తెలుగులోనే చెప్పేసింది. యంత్రం దాన్ని ఒడియాలో చెప్పేలోపే అవతల ఏడుపు మొదలైంది.

అతని పేరు బనమాలి. ఒడిశాలో బరంపురం దగ్గర పల్లె. భార్య కుంతల మర్నాడే రైలు దిగింది. ఇంటాయన కోసం ఆవిడ ఆ పక్క ఊళ్ళన్నీ తిరిగి, ఇక లేడేమోనని ఏడ్చి ఊరుకుందట. బనమాలి కాగితం మీద ఏదో రాసి చూపిస్తే చదువుకుని, మంచం చివర నిలబడ్డ కృతిక దగ్గరికి వచ్చి రెండు బుగ్గలూ పట్టుకుంది. అనువాద యంత్రం అవసరం లేకుండా, బరంపురంలో నేర్చిన తెలుగులోనే అంది:

"నీళ్ళిచ్చిన పాప నువ్వే అంట. ఆ దినం ఊరంతా తిరిగినాడంట, ఎవరూ ఇయ్యలేదంట. నువ్వు చల్లగుండాలి తల్లీ."

కృతిక ఆవిడ నడుం చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. పిల్ల అలా గొంతెత్తి ఏడవడం ఆ వేసవిలో అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నమే ఇందుమతి కనజావాకు సంగతంతా చెప్పింది. అతను బతికే ఉన్నాడని విని సుమియే తన కుడిచేతిని కళ్ళ ముందు పెట్టుకుని చూసుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

"మీరు మోయబట్టి, అడగబట్టి ఇది తెలిసింది. మీ ఋణం తీర్చుకోలేను," అంది ఇందుమతి. "ఇంకో సంగతి. మీ భయం నాలో లేకపోతే నేను అతన్ని వెతకడానికి వెళ్ళేదాన్ని కాదు. నన్ను ఆ వార్డు దాకా నడిపించింది అదే."

"దాన్ని చూసి ఇన్నేళ్ళూ సిగ్గుపడ్డాను," అంది సుమియే. "ముసలిదాని చాదస్తమని ఎవరికీ చెప్పుకోలేదు. అది ఒక మనిషికి పనికొచ్చిందంటారా." కిందికి వంగింది. తెర మీద కాసేపు ఆవిడ తెల్లటి జుట్టు మాత్రమే కనిపించింది.

అప్పలస్వామి కొట్టుకి వెళ్దామని అన్నది కృతికే. తల్లి చెయ్యి పట్టుకుని వెళ్ళి, గల్లాపెట్టె ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, ఆయన బతికే ఉన్నాడు."

అప్పలస్వామి పప్పు తూస్తున్నవాడు ఆగిపోయాడు. "బతికే ఉన్నాడా?" అన్నాడు. కాసేపాగి మళ్ళీ అదే అడిగాడు. ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

"పొద్దుగూకులూ టీవీలో అదే సూపిస్తుంటే నా మనవరాలే కళ్ళలో ఆడిందమ్మా. నువ్వు ఆడి దగ్గర నిలబడ్డావు. నాకింకేటీ కనపడనేదు."

"నీళ్ళే అడిగాడని చెప్పాను బాబాయ్."

"సెప్పేవు." అతను పిల్ల ముఖం కేసి చూడలేకపోయాడు. "ఇనపడింది కూడాని. అప్పటికే సెయ్యి లేచిపోయింది. అందరి సేతులూ లేచేయి. నానొక్కన్నే ఎలా దించుతాను అనుకున్నాను."

"చూడ్డానికి వస్తావా?"

"నానొస్తే ఆడు బయపడడా తల్లీ?"

కృతిక ఆలోచించింది. "భయపడతాడు. నువ్వు బయట కూర్చో."

అప్పలస్వామి షట్టరు దించి వాళ్ళ వెనకే నడిచాడు. ఆ రోజు నుంచి వార్డు బయట బల్ల మీద కూర్చునేవాడు. కుంతలకు భోజనం తెచ్చేవాడు, మందులు తెచ్చేవాడు. గుమ్మం దాటలేదు. పోలీసుల దగ్గర కొట్టినవాళ్ళెవరో తెలియదనే ఉంది. ఒకనాడు తానే వెళ్ళి తన పేరు రాయించుకున్నాడు. కింద వాటా ఆవిడా, ఆవిడ చూసి ఇంకొందరూ వెళ్ళారు. కేసు నడుస్తోంది.

బనమాలి ఆస్పత్రి నుంచి వెళ్ళే రోజున చంకకర్రల మీద బల్ల దగ్గరికి వచ్చాక ఆగాడు. అప్పలస్వామి లేచి చేతులు జోడించాడు. బనమాలి ఒళ్ళు ఒక్కసారి వెనక్కి జరిగింది. మళ్ళీ నిలదొక్కుకుని అతన్ని పరకాయించి చూశాడు. లిఫ్ట్ వైపు నడిచిపోయాడు. క్షమించాడో లేదో ఎవరూ అడగలేదు. అడిగే హక్కు తమకు లేదని ఇందుమతికి అనిపించింది.

దొంగ దొరికాడని చూపించిన చానలుకి ఆమె ఫోన్ చేసింది, ఉత్తరాలు రాసింది, చివరికి స్వయంగా వెళ్ళింది. అతను దొంగ కాడని వాళ్ళు ఒకరోజు చెప్పారు. ఎర్ర అక్షరాలు లేవు, డప్పుల మోత లేదు. వాతావరణ వార్తల ముందు ఒక్క వాక్యం చదివి ఊరుకున్నారు.

వర్షాలు పట్టాక మళ్ళీ కనజావాతో మాట్లాడే రోజు వచ్చింది. ఈసారి కృతికే తెర ముందు కూర్చుంది. సుమియే ముఖం తేరుకుంది. స్నానశాలకు వెళ్తున్నానని, ఆడవాళ్ళు గుంపుగా ఉన్న చోటికి కావాలనే వెళ్ళి కూర్చున్నానని చెప్పింది.

"మామ్మగారూ, నాది మీ దగ్గర ఇంకా ఉందా?" అడిగింది కృతిక.

"కొద్దిగా ఉంది. వాన ముందు కీళ్ళనొప్పిలా."

"తిరిగి ఇచ్చేయండి. నాది నేనే ఉంచుకుంటాను."

ఇందుమతి ఉలిక్కిపడి ఫిలోమినా వైపు చూసింది. సుమియే నవ్వి తల అడ్డంగా ఊపింది. "ఉండనీ. నాకు పిల్లలు లేరు. ఒక పిల్ల నన్ను నమ్మి ఇచ్చినదేదో నా ఇంట్లో ఉందంటే బాగుంది."

కృతిక ఏదో ఆలోచిస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చే దారిలో తల్లిని అడిగి, అక్కడికీ ఇక్కడికీ గంటల తేడా ఎంతో తెలుసుకుంది.

మర్నాడు తెల్లవారకముందే లేచి బడికి తయారై, జడలు వేయించుకుంటూనే ఫోన్ అందుకుంది. ఇందుమతి దువ్వెన పట్టుకుని నిలబడింది. అవతల మోగుతోంది. ఎవరూ తీయలేదు. ఇంకా మోగుతోంది. ఇందుమతి గుండెల్లో ఆ చలి మెల్లగా కమ్ముకుంది. ఆ గది, మూసిన తలుపు. ఇంతమంది మధ్య ఉన్నా అది ఎండిపోలేదని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

ఫోన్ తీసిన చప్పుడైంది. ఆయాసపడుతూ సుమియే గొంతు. మెట్ల కింద చెత్తబుట్ట పెట్టడానికి వెళ్ళిందట.

"ఏం లేదు మామ్మగారూ," అంది కృతిక. "మీరు లేచారో లేదో అని. ఇకనుంచి రోజూ చేస్తాను. ఒకవేళ నేను మరచిపోతే మా అమ్మ చేస్తుంది."

యంత్రం ఆ మాటలు జపనీస్‌లో చెప్పడం ముగించింది. అవతల నుంచి ఊపిరి వినిపిస్తోంది. ఇక్కడ ఇందుమతి ఛాతీలో, ఇన్ని నెలలుగా బిగిసి ఉన్నదేదో వదులైంది. ఆమె మంచం అంచున కూర్చుని, కూతురి రెండో జడ అల్లడం మొదలుపెట్టింది.